పీతలదిబ్బ నౌకాదళం

జ్ఞానప్రకాశం మేస్టారు రాజమండ్రిలో ఒక లా కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు అంతర్జాతీయ న్యాయం బోధించారు. అందులో సముద్ర యుద్ధ నియమాలకు ఏటా నాలుగు పీరియడ్లు. ఆ నాలుగూ ఎప్పుడు చూసినా మధ్యాహ్నం భోజనాల తరవాతే పడేవి కాబట్టి, పిల్లలు కునికిపాట్లు పడటంలో వాళ్ల తప్పేమీ లేదని ఆయన అనుకునేవారు. పాఠం అయ్యాక లేచి సందేహం అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

రిటైరయ్యాక ఆయన అంతర్వేది పక్కన, కాలవ సముద్రంలో కలిసేచోట ఉన్న పీతలదిబ్బలో స్థిరపడ్డారు. ఆయన భార్య సువార్తమ్మ ఆ ఊరి బడిలో టీచరు. ఆమె పోయి ఐదేళ్లయినా ఊరివాళ్లు వారానికి రెండుసార్లు ఆయన గుమ్మంలో చేపలు పెట్టి వెళ్తూనే ఉన్నారు. ఎవరు పెట్టారో చెప్పరు. శుభ్రం చేసి మరీ పెడతారు. మేస్టారికి చేప తోమడం రాదని ఊరంతటికీ తెలుసు.

మే నెలలో ఒకరోజు పొద్దున్నే ఎదురింటి గంగరాజు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సముద్రంలో వేట నిషేధం నడుస్తున్న రోజులు. బోట్లన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి, మగవాళ్లకు తోచడం లేదు.

"మేస్టారండీ, ఒక్క మాట. రేపు యుద్ధమే వచ్చిందనుకోండి. మా బోట్లేంటండి? సైన్యం కిందకొస్తాయా, సంసారుల కిందకొస్తాయా?"

మేస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ముప్పై ఒక్క ఏళ్లు ఆలస్యంగానైనా సందేహం రానే వచ్చింది. "కూర్చో గంగరాజూ," అన్నారు, అతను కూర్చునే ఉన్నాడని చూసుకోకుండా.

అతనికి ఆ అనుమానం ఊరికే రాలేదు. మెరైన్ పోలీసులు ఊళ్లో పన్నెండు మంది జాలర్లతో తీర కాపలా బృందం ఒకటి పెట్టారు. మనిషికో నారింజ రంగు జాకెట్టు, ఒక విజిల్ ఇచ్చారు. తెలియని పడవ కనిపిస్తే ఫోన్ చెయ్యడం, అంతే వాళ్ల పని. గంగరాజు ఆ బృందానికి నాయకుడు. జాకెట్టు వేసుకున్న దగ్గర్నుంచి అతని నడకే మారిపోయింది.

మేస్టారు గంటన్నర చెప్పారు. తీరం వెంట చేపలు పట్టుకునే చిన్న పడవల్ని యుద్ధంలో కూడా ఎవరూ పట్టుకోకూడదని, వలలూ చేపలూ సైతం ముట్టుకోకూడదని, కానీ ఆ పడవ యుద్ధంలో ఏ కాస్త వేలు పెట్టినా ఆ రక్షణ పోతుందని చెప్పారు. మామూలు ఓడ యుద్ధనౌక కావాలంటే ఏమేం ఉండాలో కూడా చెప్పారు. పైకి కనిపించే గుర్తు, ప్రభుత్వం నియమించిన అధికారి, క్రమశిక్షణ గల సిబ్బంది, వగైరా. గంగరాజు ఒక్కసారి కూడా కునకలేదు. ఆ ఆనందంలో, అతను మొదటి సగం వదిలేసి రెండో సగమే పట్టుకుపోతున్నాడని ఆయన గమనించలేదు.

మర్నాటికి గంగరాజు నీలం బోటు బూడిద రంగుకి మారింది. ఆ మర్నాడు దాని మీద ఆకుపచ్చ జెండా లేచింది. అది అతని భార్య సంపూర్ణమ్మ కొత్త లంగా. "ఎవడు పెట్టాడండీ ఈయన బుర్రలో ఈ పురుగు?" అని సంపూర్ణమ్మ మేస్టారి ముందే మొగుణ్ణి తిడుతుంటే, మేస్టారు చేసేదేం లేక కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు.

ఇంతలో తీర కాపలాని పరీక్షించడానికి పోలీసులు పెట్టే విన్యాసం తేదీ ఖరారైంది. ఎస్సై శ్రీసుధగారు బృందాన్ని కూర్చోబెట్టి చెప్పారు. "ఉత్తుత్తి శత్రువులు మామూలు ఫైబర్ బోటులో వస్తారు. బోటుకి ఎర్రగుడ్డ గుర్తు. పెళ్లికెళ్తున్నామంటారు, తీర్థానికంటారు, ఏదీ నమ్మకండి. చూడగానే నాకు ఫోన్ చెయ్యండి. మీరు మాత్రం ఆపకండి, ముట్టుకోకండి. అర్థమైందా?"

"ఆయ్, అర్థమైందండి," అన్నాడు గంగరాజు.

ఆ తేదీనే అతని కూతురు రమ్యశ్రీకి తాంబూలాలు. నది అవతల నల్లతిప్పలో పోలయ్య అనే బోటు యజమాని కొడుకు మణిశంకర్ వరుడు. రొయ్యపిల్లల హేచరీలో ఉద్యోగం. ఆర్నెల్లుగా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమని సంపూర్ణమ్మకీ, ఆ తరవాత ఊరికీ, చిట్టచివర గంగరాజుకీ తెలిసింది. వేట నిషేధానికి ముందే సంపూర్ణమ్మ వెళ్లి వాళ్ల ఇల్లు చూసి వచ్చింది. ఆ రోజు గంగరాజు వేటలో ఉన్నాడు కాబట్టి వియ్యంకుడితో అతనికి ఫోన్లో పలకరింపులే తప్ప ముఖపరిచయం లేదు.

"మగపెళ్లివారు పదకొండుకి వస్తారు. ముహూర్తం పన్నెండూ నలభై నుంచి ఒంటిగంటా పావు వరకు. నువ్వింట్లో ఉంటావా, కాపలాకి పోతావా?" అంది సంపూర్ణమ్మ.

"పదకొండు లోపల శత్రువు సంగతి తేల్చేసి వస్తానే," అన్నాడు గంగరాజు. ఆవిడ నమ్మకం లేక, తాంబూలాల పట్టు చొక్కా ముందే తొడిగి, దాని మీద జాకెట్టు వేసుకోనిచ్చి పంపింది.

ఆ రోజు పందిట్లో మేస్టారు మొదటి వరస కుర్చీలో కూర్చున్నారు. సరిగ్గా పదకొండుకి రేవులోకి ఎర్రగుడ్డ కట్టిన బోటు వచ్చింది. "వచ్చేశారర్రా!" అంటూ సంపూర్ణమ్మ ఆడవాళ్లని వెంటేసుకుని పరిగెత్తింది. నల్లతిప్పలో ఒక ఆచారం ఉంది. కొత్తగా రంగు వేసిన బోటు మొదటిసారి నీళ్లలోకి దిగినప్పుడు గంగమ్మ పేర ముందుభాగానికి ఎర్రగుడ్డ కడతారు. ఆ రోజు మగపెళ్లివారి బోటుది మొదటి ప్రయాణమని వియ్యపురాలు ఆవిడకి ఫోన్లో చెప్పింది. ఆ మాట గంగరాజుకి చెప్పాలని ఆవిడకి తట్టలేదు, అడగాలని అతనికీ తట్టలేదు.

బోటులోంచి ఎనిమిది మంది దిగారు. ఎనిమిదీ ఒకే రకం క్రాపులు. లుంగీలు ఇస్త్రీ మడత నలగలేదు. సన్నాయి మొదలైంది, పన్నీరు చల్లారు, పెద్దమీసాలాయన మెడలో దండ పడింది.

"వదినగారేరండీ?" అంది సంపూర్ణమ్మ.

మీసాలాయన కాస్త తడబడ్డాడు. "వెనకాల వస్తున్నారండి."

వాళ్లు పందిట్లో ఒకే వరసలో కూర్చున్నారు. పానకం ఇస్తే మీసాలాయన తల ఊపాకే తక్కిన ఏడుగురూ తాగారు. ఎంత మర్యాదస్తులని మేస్టారికి ముచ్చటేసింది.

"మీరు అబ్బాయికి ఏమవుతారండీ?" అని మీసాలాయన్ని అడిగారు.

"నేను శశిభూషణ్ అండి."

"అబ్బాయికి ఏమవుతారు?"

"అది చెప్పకూడదండి," అన్నాడాయన బాధగా, చేతిలో లడ్డూ వైపు చూస్తూ.

ఎవరి కుటుంబాల్లో ఏముంటాయో అనుకుని మేస్టారు మరి అడగలేదు.

పదకొండున్నరకి పెళ్లికొడుకు మోటారు సైకిల్ మీద వచ్చాడు. పోలయ్య కొడుకై ఉండి కూడా పడవెక్కితే అతనికి వాంతులు. అందుకని నరసాపురం నుంచి రేవు దాటే పంటు మీద, అదీ కళ్లు మూసుకుని, సఖినేటిపల్లి చేరి, అక్కణ్ణుంచి రోడ్డున వచ్చాడు. దిగీ దిగగానే పందిరంతా చూసి, "మా నాన్నేరండీ? అమ్మేది?" అన్నాడు.

"వస్తున్నారంట కదా. అరుగో, మీవాళ్లు ముందొచ్చారు," అంది సంపూర్ణమ్మ.

"వీళ్లెవరు?" అన్నాడు మణిశంకర్. "మావాళ్లు తొమ్మిదింటికే బయల్దేరారండీ. పోటు మీద వస్తామన్నారు."

మేస్టారికి అప్పుడు వెలిగింది. బోటు మనుషులు గడియారం చూసి ప్రయాణం పెట్టరు. సముద్రం పోటెక్కి కాలవలో నీళ్లు నిండినప్పుడు వస్తారు. ఆ రోజు పోటు పదిలోపలే నిండింది. గడియారం చూసి సరిగ్గా పదకొండుకి వచ్చేది ఎవరు? జీతం తీసుకునేవాళ్లు.

ఆయన శశిభూషణ్ వైపు తిరిగారు. "మీరు... శత్రువులా?"

"ఆయ్," అన్నాడాయన సిగ్గుపడుతూ. "చెప్పకూడదు కదండీ. మీరేమో దండలేస్తున్నారు."

అప్పుడే వీధి చివర విజిల్ మోగింది. గంగరాజు పందిట్లోకి కవాతు చేస్తూ వచ్చి మేస్టారికి సెల్యూట్ కొట్టాడు. "మేస్టారండీ! పదిగంటలకి శత్రువు నౌకని పట్టేశాం. పదకొండు మంది. నలుగురు ఆడవాళ్లు! లడ్డూలు, కాజాలు, పట్టుచీర. ఏం వేషమండీ బాబూ! మేం మగపెళ్లివారం అంటాడు వాళ్ల పెద్ద. మా అమ్మాయి పేరు చెప్తాడు, మా ఆవిడ పేరు చెప్తాడు. ఎంత సమాచారం లాగారో చూడండి. సెల్లులన్నీ తీసుకుని ఐస్ పెట్టెలో పడేశాను. ఎస్సైగారికి చేస్తుంటే సిగ్నల్ అందట్లేదు."

సన్నాయి ఆగింది.

"నాన్నా," అంది రమ్యశ్రీ, "వాళ్ల పెద్దకి ఎడమ చెవికి పోగుందా?"

"ఉంది. నీకెలా తెలుసు?"

రమ్యశ్రీ తలపట్టుకుని కూర్చుండిపోయింది.

పట్టుకున్నవాళ్లని బృందం కాపలాలో ఉంచింది సరుగుడు తోట అంచున ఉన్న వలల షెడ్డులో. మేస్టారు, గంగరాజు, రమ్యశ్రీ అక్కడికి చేరేసరికి పన్నెండు. పెళ్లికొడుకూ, మర్యాదకి శత్రువులు ఎనిమిది మందీ వెనకే వచ్చారు. తలుపులు తీశారు. పోలయ్య వలల కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"రండి బావగారూ, ముహూర్తం..." అన్నాడు గంగరాజు.

"నేన్రాను. ముందు నన్నెందుకు పట్టుకున్నావో అది తేల్చు. దొంగననా? శత్రువుననా? తేలిందాకా ఈ వలల మీంచి లేవను. ముహూర్తం పోతే పోనీ, ఇంకో సంబంధం చూసుకుంటాం."

మగపెళ్లివారి అలక అందరూ చూసిందే. కొత్త బట్టలకో, కాఫీ చల్లారిందనో అలుగుతారు, బతిమాలితే దిగుతారు. ఇది ఆ రకం కాదని మేస్టారికి అర్థమైంది. ఈ మనిషి నిజంగానే నొచ్చుకున్నాడు. పక్కన వియ్యపురాలు దేవకుమారి పట్టుచీర పళ్లేన్ని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడి ఉంది. రెండు గంటలుగా ఆ పళ్లెం ఆవిడ కింద పెట్టలేదు.

"క్షమించమని అడుగు గంగరాజూ," అన్నారు మేస్టారు మెల్లిగా.

"ఎలాగండి?" అన్నాడు గంగరాజు. "డ్యూటీలో ఉన్నాను. బృందం చూస్తోంది. రూల్ ప్రకారం పట్టుకున్నాను. మీరు చెప్పిన రూలే."

ఆ మాటతో అందరి కళ్లూ మేస్టారి మీద పడ్డాయి. దేవకుమారి కళ్లు మరీను. రమ్యశ్రీ ఆయన దగ్గరికొచ్చి, "మేస్టారండీ, ఎలాగైనా చెయ్యండి. ఒంటిగంటా పావు దాటితే మళ్లీ మూఢం వచ్చేస్తుందట, నాలుగు నెలలు ఆగాలి. వాళ్లు ఆగరు," అంది.

మేస్టారు ఒక ఐస్ పెట్టె బోర్లించి కూర్చున్నారు. "సరే. కోర్టే అనుకోండి. గంగరాజూ, సముద్రం మీద ఇంకో పడవని పట్టుకునే హక్కు యుద్ధనౌకకే ఉంది. నీది యుద్ధనౌకా?"

"కాదేంటండి? రంగు వేశాను. జెండా ఉంది. సిబ్బందికి జాకెట్లు."

"నిన్ను అధికారిగా నియమించిందెవరు? అధికారుల జాబితాలో నీ పేరుందా?"

"ఎస్సైగారి వాట్సాప్ గ్రూపులో ఉందండి."

"సిబ్బందికి క్రమశిక్షణ ఉందా?"

"చాలా ఉందండి."

"క్రమశిక్షణా?" దేవకుమారి అందుకుంది. "ఇదుగో, ఈ పొడుగాయన మా కాజాలు ఆరు తిన్నాడండి! మాకేమో మంచినీళ్లు ఇచ్చిన దిక్కు లేదు."

పొడుగాయన మూతి తుడుచుకున్నాడు. మేస్టారు తల అడ్డంగా ఊపారు. "బందీలకి మన సైన్యం తినేదే పెట్టాలి గంగరాజూ. బందీల తిండి మన సైన్యం తినడం కాదు. ఎస్సైగారు ఆపొద్దన్నారు, ఆపావు. కాబట్టి నీది యుద్ధనౌక కాదు, నీ పట్టివేత చెల్లదు."

"చెల్లదు!" అన్నాడు పోలయ్య, వలల మీద కాస్త ముందుకు జరిగి. "మరి ఇతనెవడు? యుద్ధనౌక కాకుండా దారిన పోయే బోటుని పట్టుకునేవాణ్ణి ఏవంటారు? చెప్పండి, కోర్టువారే చెప్పండి. సముద్రపు దొంగనే కదా!"

"అయ్యయ్యో," అంది దేవకుమారి, "సముద్రపు దొంగ ఇంటి పిల్లనా మనం చేసుకునేది!"

పరిస్థితి నయం చెయ్యబోయి చెడగొట్టానని మేస్టారికి తెలిసొచ్చింది. "కాదండి, కాదు. ఓడదొంగతనం నడిసముద్రంలో జరగాలి, ఇది కాలవ. సొంత లాభం కోసం జరగాలి..."

"మరి కాజాలో?"

"కాజాల కేసు వేరే నడుపుదాం. వాయిదా." ఆయన ఊపిరి పీల్చుకున్నారు. "పోలయ్యగారూ, మీరు దొంగా కాదు, శత్రువూ కాదు. మీ బోటు ఏం బోటు?"

"చేపల బోటు. మా తాతల నాటి నుంచీ చేపలే."

"అయితే వినండి. ఆరు వందల ఏళ్ల కిందట రాజులు ఒకళ్లనొకళ్లు నరుక్కునే రోజుల్లోనే ఒక మాట అనుకున్నారు. ఎంత పగైనా సరే, తీరంలో వల వేసుకునేవాడి జోలికి పోకూడదు. తరవాత దేశాలన్నీ కూర్చుని దాన్నే కాగితం మీద రాసుకున్నాయి. బోటు, తాళ్లు, వల, అందులో సరుకు, ఏదీ ముట్టుకోకూడదు. పెద్ద పెద్ద యుద్ధనౌకలు కూడా పక్కకి తప్పుకుని పోవాల్సిందే."

"మా బోటుకా? అంత మర్యాదా?" అన్నాడు పోలయ్య.

"మీ బోటుకే."

గంగరాజు గొంతు సన్నగా వినిపించింది. "మరి నా బోటుకండీ?"

"నీదీ చేపల బోటే కదా, నీకూ ఉండేది. ఈ జాకెట్టు తొడుక్కుని బోటుకి బూడిద రంగు వేసి మనుషుల్ని పట్టుకున్నావు చూడు, అప్పుడు పోయింది. యుద్ధనౌక హక్కూ రాలేదు, జాలరి రక్షణా మిగల్లేదు. నిజం యుద్ధమే అయితే నిన్ను కాల్చేసినా అడిగేవాడు లేడు. ఆ రోజు నీకు ముందు చెప్పింది ఇదే. నువ్వు వినలేదు, విన్నావో లేదో నేను చూసుకోలేదు. ఆ తప్పు నాది."

గంగరాజు తన జాకెట్టు వైపు చూసుకున్నాడు. బృందమంతా అతని వైపు చూస్తోంది.

"నాన్నా, తీసెయ్," అంది రమ్యశ్రీ. "బృందం నాయకుడు రూల్ మాట్లాడాలి. మా నాన్నకి రూల్ అక్కర్లేదు."

జిప్పు సగంలో ఇరుక్కుంది. శశిభూషణ్ ముందుకొచ్చి సాయం పట్టాడు. జాకెట్టు ఊడింది. లోపల పట్టు చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయి ఉంది. గంగరాజు వలల కుప్ప ముందు నేల మీద కూర్చున్నాడు.

"బావగారండీ. పొద్దున్న పోటు చూసి మీరొచ్చే వేళ పోల్చుకోవాల్సినవాణ్ణి, పదకొండని వాచీ చూసుకుంటూ కూర్చున్నాను. తప్పైపోయిందండి. మా పిల్లకి మీ అబ్బాయంటే ప్రాణమండి. నామీద కోపం దానిమీద పెట్టకండి."

పోలయ్య లేచాడు. అందరూ ఊపిరి పీల్చుకునేలోగా వేలెత్తాడు. "నేను నీ రేవులో దిగడానికి బయల్దేరాను. నీ రేవులోనే దిగుతాను. నడిచి రాను."

న్యాయంగానే ఉందని మేస్టారు తీర్పు చెప్పారు. పట్టిన బోటుని ఎక్కడికి పోతుంటే అక్కడికి చేర్చాల్సిందే. కానీ కాలవ దగ్గరికి వెళ్లి చూస్తే ఆటు మొదలై నీళ్లు సగం జారిపోయాయి. పోలయ్య బోటు బురదలో కూర్చుని ఉంది. టైము పన్నెండూ యాభై.

ఎవరు ముందు దిగారో తెలియదు. పదకొండు మంది కాపలావాళ్లు ఒక పక్క, ఎనిమిది మంది శత్రువులు ఇంకో పక్క, వెనక గంగరాజు, మగపెళ్లివారి కుర్రాళ్లు. మేస్టారు ప్యాంటు మడిచి దిగారు. పడవంటే గిట్టని పెళ్లికొడుకు కూడా కళ్లు మూసుకుని భుజం ఆనించాడు. బోటులో పోలయ్య నిటారుగా నిలబడ్డాడు. పక్కన దేవకుమారి, చేతిలో పళ్లెం.

"హైలెస్సా!"

"జోర్‌సెయ్!"

మీసాల శశిభూషణ్ మోకాలిదాకా దిగబడితే కాజాలు తిన్న పొడుగాయన రెక్క పట్టి లాగాడు. బోటు జానెడు కదిలింది, తరవాత బారెడు, తరవాత బురద మీద జర్రున జారింది. ఆ సమయంలోనే గస్తీ బోటు మీద ఎస్సై శ్రీసుధగారు వచ్చి, బురదలో తన శత్రువుల్నీ తన బృందాన్నీ ఒకే బోటు కింద చూశారు.

"ఏంటిది? రిపోర్టులో నేనేం రాయాలి?" అన్నారు.

"శత్రువుని గుర్తించి దండలేశారని రాయండి మేడమ్," అన్నాడు శశిభూషణ్ రొప్పుతూ. "భోజనం ఇంకా పెట్టలేదు."

ఒంటిగంటా ఆరు నిమిషాలకి రేవులో సన్నాయి మళ్లీ మొదలైంది. సంపూర్ణమ్మ మిగిలిన పన్నీరు సీసా మొత్తం పోలయ్య మీద వంచేసింది. పోలయ్య కాలు రేవు మెట్టు మీద పెట్టాడు.

పందిట్లో పంతులుగారు కంగారుగా చాపలు పరిపించారు. "టైము లేదు, టైము లేదు! ఆడపెళ్లివారి తరఫు పెద్దలు ఇటు, మగపెళ్లివారి తరఫు అటు కూర్చోండి."

ఒక్కరూ కదల్లేదు. తల నుంచి కాళ్ల వరకూ బురద. పంతులుగారు కళ్లు చికిలించి ఒక్కొక్కరినీ చూసి, శశిభూషణ్ చెయ్యి పట్టుకుని, "మీరు ఎటువైపండీ?" అన్నారు.

ఆయన నోరు తెరిచే లోపల పోలయ్య ఆయన్ని తన పక్కన కూలేశాడు. "ఎటో ఒకవైపు లెండి. కానివ్వండి పంతులుగారూ."

దేవకుమారి పట్టుచీర పళ్లెం రమ్యశ్రీ చేతుల్లో పెట్టింది. ఆ చీర మీద ఒక్క బురద చుక్క కూడా లేదు.